మార్కులు వేసే ముందు మరణాల రిజిస్టరు తెరవండి

సంపాదకులకు,

కరోనా కాలంలో ఏ దేశ ప్రభుత్వం నెగ్గింది, ఏది చతికిలబడింది అని ర్యాంకులివ్వడం ఇంకా ఆగలేదు. పత్రికల్లో, టీవీ చర్చల్లో కనిపించే పట్టికల్లో చాలావాటికి ఆధారం ఒకే అంకె: ఆయా ప్రభుత్వాలు ప్రకటించిన కొవిడ్ మరణాలు, పది లక్షల జనాభాకు ఇన్ని అని. ఈ అంకెతో ప్రభుత్వాలకు మార్కులు వేయడమంటే, పరీక్ష రాసినవాడి చేతికే పేపరిచ్చి దిద్దుకోమనడం.

అసలు మహమ్మారి రాకముందే ఒక ర్యాంకుల జాబితా వచ్చింది. 2019 అక్టోబరులో వెలువడిన ప్రపంచ ఆరోగ్య భద్రతా సూచీలో అమెరికా మొదటి స్థానం, బ్రిటన్ రెండో స్థానం. న్యూజిలాండ్‌ది 35, వియత్నాంది 50. ఆ తర్వాత ఏం జరిగిందో అందరికీ తెలుసు. ల్యాబులు, పడకలు, చట్టాలు ఎన్ని ఉన్నాయో ఆ సూచీ లెక్కించింది. వాటిని సమయానికి వాడతారా అన్నది ఏ సూచీకీ అందని సంగతి. 2020 ఫిబ్రవరిలో అమెరికా వ్యాధుల నియంత్రణ సంస్థ సీడీసీ రాష్ట్రాలకు పంపిన పరీక్ష కిట్లలో ఒక భాగం సరిగా పనిచేయలేదు. బయటి ల్యాబులు సొంత పరీక్షలు వాడుకునేందుకు ఆ నెల 29న గాని వెసులుబాటు రాలేదు. దక్షిణ కొరియా 2015లో మెర్స్ అనే మరో కరోనా వైరస్ జబ్బు దెబ్బ తిన్న దేశం. అప్పుడు 186 మందికి సోకి 38 మంది పోయారు. ఆ అనుభవంతో అత్యవసర అనుమతి చట్టం మార్చుకుని ఉండబట్టి, ఫిబ్రవరి 4 నాటికే మొదటి ప్రైవేటు కిట్‌కు అనుమతి ఇచ్చేసింది. మూడున్నర రోజులకు కేసులు రెట్టింపవుతున్నప్పుడు ఒక్క వారం ఆలస్యమంటే నాలుగు రెట్లు. బ్రిటన్ విచారణ కమిషన్ 2025 నవంబరు నివేదికలో చెప్పిందీ ఇదే. లాక్‌డౌన్ మార్చి 23న కాక వారం ముందు పెట్టి ఉంటే మొదటి అలలో ఒక్క ఇంగ్లండ్‌లోనే సుమారు 23 వేల మరణాలు తగ్గేవని గణిత నమూనా లెక్కను ఆధారం చేసుకుని చెప్పింది.

ఇక మరణాల లెక్క దగ్గరికి వద్దాం. ‘కొవిడ్ మరణం’ అన్నది అన్ని దేశాల్లో ఒకటి కాదు. 2020 వసంతంలో బెల్జియం వృద్ధాశ్రమాల్లో పరీక్ష జరగని అనుమానిత మరణాలను కూడా లెక్కలో కలిపింది, అందుకే పట్టికల్లో పైకెక్కి అపఖ్యాతి మూటగట్టుకుంది. ఇంగ్లండ్‌లో మొదట పాజిటివ్ వచ్చిన మనిషి ఎప్పుడు, ఎలా పోయినా కొవిడ్ మరణమే. 2020 ఆగస్టు 12న పరీక్ష జరిగిన 28 రోజుల్లోపు పోతేనే అని నిర్వచనం మార్చారు. బ్రిటన్ మొత్తం ఆ ఒక్కరోజే 46,706 నుంచి 41,329కి దిగింది. బతికొచ్చినవాళ్లెవరూ లేరు, గీత జరిగిందంతే. చైనా 2022 డిసెంబరు 7న ఆంక్షలు ఎత్తేశాక, శ్వాస ఆగి పోయినవాళ్లనే లెక్కిస్తూ రోజూ సున్నాలు, ఒకట్లు ప్రకటించింది. జనవరి 14న ఆస్పత్రి మరణాలు 59,938 అంది, అదీ డిసెంబరు 8 నుంచి జనవరి 12 వరకు, ఇళ్లలో పోయినవాళ్లు కాకుండా. పెరూ మాత్రం ఎదురుదిశలో నడిచింది. నిపుణుల కమిటీ వేసి, రిజిస్టర్లు తిరగేయించి, 2021 మే 31న తన లెక్కను 69,342 నుంచి 1,80,764కు తానే పెంచుకుంది. పది లక్షలకు సుమారు 2,100 ఉన్న రేటు 5,500 అయింది. మర్నాటి పట్టికల్లో ప్రపంచంలోనే అధ్వాన దేశంగా తేలింది. లెక్క దాచిన ప్రభుత్వం పట్టికలో కిందే ఉండిపోతుంది. ఇలాంటి పట్టిక ఎవరికి బహుమతి ఇస్తోందో పాఠకులే ఆలోచించాలి.

ఒక మరణం కొవిడ్ ఖాతాలోకి ఎలా వస్తుందో, ఎలా జారిపోతుందో మన దగ్గరి కాగితంలోనే చూడొచ్చు. ఆస్పత్రిలో మరణానికి డాక్టరు నింపేది ఫారం 4, ఇంట్లో మరణానికి 4ఏ. అందులో మొదటి భాగంలో ఎ, బి, సి గీతలుంటాయి. ‘ఎ’ మీద మరణానికి ముందున్న స్థితి రాయాలి, ఉదాహరణకు తీవ్ర శ్వాసకోశ వైఫల్యం. దాని కింద, దానికి కారణమైన న్యుమోనియా. అట్టడుగు గీత మీద ఈ వరుసంతటికీ మూలమైన కొవిడ్-19. షుగరు, బీపీ, కిడ్నీ జబ్బు లాంటివి రెండో భాగంలోకి పోవాలి. గణాంకంలో లెక్కకొచ్చేది మొదటి భాగంలోని అట్టడుగు గీతే. షుగరును అక్కడికి దించితే ఆ మరణం షుగరు ఖాతాలో పడుతుంది. ‘గుండె ఆగి మరణం’ అని ఒక్క ముక్క రాసి సంతకం పెడితే ఏ ఖాతాకూ చెందదు. గుండె ఆగకుండా పోయేవారెవరు? పరీక్షలో నిర్ధారణ అయితే యు07.1, లక్షణాలను బట్టి అనుమానమైతే యు07.2 అని ప్రపంచ ఆరోగ్య సంస్థ రెండు కోడ్లిచ్చింది. రెండో కోడ్‌ను లెక్కలో కలిపిన దేశాలూ, పక్కన పెట్టిన దేశాలూ ఒకే పట్టికలో పక్కపక్కన నిలబడుతున్నాయి. పైగా మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. మిగతా కుటుంబాలకు ఫారం 4 అనేది ఒకటుందనే తెలియదు.

అందుకే ఈ రంగంలో పనిచేసేవాళ్లు కారణం జోలికి పోకుండా అదనపు మరణాలను చూస్తారు. పద్ధతి వినడానికి తేలిక. 2015 నుంచి 2019 వరకు వారం వారం, లేదా నెల నెలా ఎందరు పోయారో తీసుకుని, ఆ ధోరణిని 2020కి, 2021కి పొడిగించి, మామూలుగా ఎందరు పోవాలో అంచనా కట్టాలి. నిజంగా పోయినవాళ్లలోంచి దాన్ని తీసేస్తే మిగిలేది అదనం. ఈ పద్ధతిలోనే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 మేలో, ఆ రెండేళ్లలో ప్రపంచవ్యాప్తంగా 1.49 కోట్ల అదనపు మరణాలని చెప్పింది. దేశాలు ప్రకటించినవి 54 లక్షలు.

ఇక్కడా గోతులున్నాయి. జర్మనీలో 2019లో మరణాలు కాస్త తగ్గాయి. లెక్కకు వాడిన వంపు గీత ఆ చివరి ఏడాదిని పట్టుకుని కిందికి వంగింది. మామూలుగా పోవాల్సినవాళ్లు తక్కువని తేలేసరికి అదనం ఉబ్బింది. విమర్శలొచ్చాక సంస్థ లెక్క సవరిస్తే జర్మనీ అంకె దిగింది, స్వీడన్ అంకె పెరిగింది. ఐదేళ్ల సగటు తీస్తారా, సరళరేఖ గీస్తారా, వయసుల వారీగా విడదీస్తారా అన్నదాన్ని బట్టి ఐరోపాలో నాలుగైదు దేశాల వరుస తారుమారవుతుంది. కాబట్టి పక్కపక్క ర్యాంకుల మధ్య తేడా గురించి వాదించుకోవడం వృథా. పదో స్థానానికీ డెబ్బయ్యో స్థానానికీ మధ్య తేడా మాత్రం ఏ పద్ధతిలో చూసినా నిలుస్తుంది.

వయసు సంగతి వదిలేస్తే మొత్తం లెక్కే తప్పుతుంది. టీకాలు రాకముందు వివిధ దేశాల సర్వేలను కలిపి వేసిన అంచనా ప్రకారం, సోకిన పదివేల మందిలో 25 ఏళ్లవాళ్లయితే ఒకరు పోతారు. 55 ఏళ్లకు 40 మంది, 65కి 140, 75కి 460, 85కి 1,500. జనాభాను సరిగ్గా రెండు సగాలుగా విడదీసే నడి వయసు జపాన్‌లో దాదాపు 48, మన దగ్గర 28. ఒకే వైరస్ ఒకే స్థాయిలో సోకినా జపాన్‌లో మరణాలు మనకంటే ఎన్నో రెట్లు ఉండాలి. ‘తలసరి మరణాల్లో మేమే నయం’ అని యువ జనాభా ఉన్న దేశం చెప్పుకుంటే అందులో ప్రభుత్వం గొప్ప ఎంత, పుట్టిన సంవత్సరాల గొప్ప ఎంత? సింగపూర్ వలస కార్మికుల డార్మిటరీల్లో ఉన్న సుమారు 3.2 లక్షల మందిలో 2020 చివరికి 47 శాతం మందికి సోకింది. ఒకే గదిలో డజను మంది, అంతస్తుకంతా ఉమ్మడి మరుగుదొడ్లు; మనవాళ్లూ ఉన్న గదులే అవి. అయినా ఆ ఏడాది దేశం మొత్తమ్మీద కొవిడ్ మరణాలు 29. కార్మికులు కుర్రాళ్లు కావడం, వైద్యం అందడం, రెండూ కలిసొచ్చాయి. మరణాల పట్టికలో సింగపూర్‌కు వచ్చే పూర్తి మార్కుల్లో ఆ గదుల ఊసే ఉండదు.

ఏ తేదీన లెక్క తీశామన్నది మరో తిరకాసు. 2020 ముగిసేనాటికి వియత్నాంలో కొవిడ్ మరణాలు 35. ప్రపంచమంతా పొగిడింది. 2021లో డెల్టా హో చి మిన్ నగరంలో పడేసరికి టీకాలు ఇంకా అందలేదు, వేలల్లో పోయారు. హాంకాంగ్ రెండేళ్లు గట్టిగా కాపు కాసింది, కాని 2022 ఆరంభంలో 80 ఏళ్లు దాటినవాళ్లలో రెండు డోసులు పడినవాళ్లు నాలుగో వంతు కూడా లేరు. కేసులు లేవు కదా, తొందరేముందని పెద్దవాళ్లు ఆగారు. దీర్ఘరోగాలున్నవాళ్లకు ఇప్పుడు వద్దని చెప్పిన డాక్టర్లూ ఉన్నారు. ఒమిక్రాన్ వచ్చిన మూడు నెలల్లో 74 లక్షల జనాభాలో 9 వేలకు పైగా పోయారు. న్యూజిలాండ్ కూడా అదే వైరస్‌ను అదే కాలంలో లోపలికి రానిచ్చింది, అయితే ముసలివాళ్లలో దాదాపు అందరికీ టీకా వేశాకే. కొరియాలో 2022 మార్చి 17న ఒక్కరోజే 6.2 లక్షల కేసులు నమోదయ్యాయి. కేసుల పట్టిక ప్రకారం అది ఘోర వైఫల్యం, మరణాల రేటు ప్రకారం విజయం. నా దృష్టిలో ప్రభుత్వానికి వేయాల్సిన అసలు ప్రశ్న ఇదే: మీ దేశంలో 65 దాటినవాళ్లకు ముందు చేరింది టీకానా, వైరసా? సరిహద్దు మూయడం కాలం కొనుక్కోవడమే. కొన్న కాలంతో ఏం చేశారన్నదే లెక్క. న్యూజిలాండ్‌కూ దీని ఖరీదు లేకపోలేదు. తిరిగి రావడానికి తప్పనిసరైన క్వారంటైన్ గదుల లాటరీలో పేరు రాక సొంత పౌరులే నెలల తరబడి బయట చిక్కుకుపోయారు. ఆ కేటాయింపు విధానం కొందరి హక్కులను ఉల్లంఘించిందని 2022 ఏప్రిల్‌లో అక్కడి హైకోర్టే తేల్చింది.

‘కఠినంగా లాక్‌డౌన్ పెట్టిన ప్రభుత్వమే మంచి ప్రభుత్వం’ అనుకునేవాళ్లు పెరూను చూడాలి. 2020 మార్చి 16 నుంచి దేశం మూసేసింది, లాటిన్ అమెరికాలో అందరికంటే ముందు వరుసలో. సైన్యం వీధుల్లోకి వచ్చింది. అయినా కుప్పకూలింది. పనిచేసేవాళ్లలో సుమారు 70 శాతం రోజుకూలీలు, చిల్లర వ్యాపారులు. దాదాపు సగం ఇళ్లలో ఫ్రిజ్ లేదు, అంటే రెండ్రోజులకోసారైనా మార్కెట్‌కు పోక తప్పదు. ప్రభుత్వం 380 సోల్‌ల (సోల్ అక్కడి కరెన్సీ) సాయం ప్రకటించింది, కాని చాలామందికి బ్యాంకు ఖాతా లేదు. డబ్బు తీసుకోవడానికి బ్యాంకుల ముందు బారులు తీరారు. ఏప్రిల్‌లో ఇంకో నిబంధన: సోమ, బుధ, శుక్రవారాలు మగవాళ్లే బయటికి రావాలి, మంగళ, గురు, శనివారాలు ఆడవాళ్లే, ఆదివారం ఎవరూ రాకూడదు. జనాన్ని సగానికి తగ్గించాలని పెట్టింది ఇది. ఇంటికి సరుకులు తెచ్చేది ఎక్కువగా ఆడవాళ్లు కావడంతో వారంలో ఆరు రోజులు పంచుకోవాల్సిన రద్దీ మూడు రోజుల్లో పడింది. వారం తిరగ్గానే రద్దు చేశారు. పరీక్షలకేమో వేగంగా ఫలితమిచ్చే యాంటీబాడీ కిట్లు ఎక్కువగా వాడారు. వైరస్ సోకాక రక్తంలో తయారయ్యే ఈ యాంటీబాడీలు కనబడటానికి లక్షణాలు మొదలయ్యాక వారం నుంచి రెండు వారాలు పడుతుంది. ఎదుటివాళ్లకు అంటించే తొలి రోజుల్లో కిట్ ‘నెగటివ్’ అంటుంది, మనిషి మార్కెట్‌కు వెళ్తాడు.

పెరూలో చాలామందిని చంపింది ఆక్సిజన్ కొరత. ఆస్పత్రి ఆక్సిజన్ 99 శాతం శుద్ధంగా ఉండాలన్న పాత నిబంధన ఒకటుండేది. గాలిలోంచి నైట్రోజన్‌ను వడగట్టే చిన్న ప్లాంట్లు ఇచ్చేది సుమారు 93 శాతం, అది చికిత్సకు చాలు. నిబంధన వల్ల ఆ ప్లాంట్లు లెక్కలోకి రాక, సరఫరా రెండు పెద్ద కంపెనీల చేతుల్లోనే ఉండిపోయింది. 2020 జూన్‌లో గాని సడలించలేదు. ఎంత ఆక్సిజన్ కావాలో తెలియాలంటే మన ఆస్పత్రుల్లోని జంబో సిలిండరు లెక్క చాలు. అందులో పట్టేది సుమారు 7,000 లీటర్లు. నిమిషానికి 10 లీటర్ల మాస్కు మీదున్న రోగికి పదకొండున్నర గంటలొస్తుంది. నిమిషానికి 60 లీటర్లు పంపే హై ఫ్లో యంత్రానికి తగిలిస్తే రెండు గంటలు కూడా రాదు. 2021 ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర వెంటిలేటర్లు, హై ఫ్లో యంత్రాలు ఎన్ని కొన్నామని ప్రకటనలొచ్చాయి గాని వాటికి రోజుకెన్ని సిలిండర్లు కావాలో, ట్యాంకరు ఎన్ని గంటల్లో చేరుతుందో చెప్పినవి అరుదు. ప్రభుత్వాన్ని అంచనా వేసేవాళ్లు అడగాల్సింది పడకల సంఖ్య కాదు, లీటర్లూ గంటలూ.

స్వీడన్‌ను మన దగ్గర ఒక పక్షం వీరుడిగా, మరో పక్షం దుర్మార్గుడిగా చూపిస్తుంది. రెండూ సగం నిజాలు. 2020లో తలసరి కొవిడ్ మరణాలు పక్కనున్న నార్వేకంటే పది రెట్ల పైమాటే. 2020 నుంచి 2022 వరకు మూడేళ్లు కలిపి అదనపు మరణాలు చూస్తే ఐరోపాలో అతి తక్కువ ఉన్న దేశాల్లో అదొకటి. పెద్ద క్లాసులు మినహా బడులు తెరిచే ఉంచింది. తప్పు జరిగిన చోటు వృద్ధాశ్రమాలు. గంటల లెక్కన పనిచేసే సిబ్బంది ఒక ఆశ్రమం నుంచి ఇంకో ఆశ్రమానికి తిరిగారు. బంధువుల సందర్శన మీద నిషేధం ఏప్రిల్ 1న గాని రాలేదు. మొదటి అలలో పోయినవాళ్లలో దాదాపు సగం మంది అక్కడివాళ్లే. పెద్దవాళ్లను కాపాడటంలో విఫలమయ్యారని ప్రభుత్వం నియమించిన కమిషనే 2020 డిసెంబరులో రాసింది. మహమ్మారి నడుస్తుండగానే స్వతంత్ర కమిషన్ వేసి, దాని తిట్లు తానే ప్రచురించుకున్న ప్రభుత్వాలు ఎన్నున్నాయి?

మన సంగతి. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకు ప్రకటించి అర్ధరాత్రి నుంచి దేశం మూశారు. వలస కూలీలకు తొలి శ్రామిక్ రైలు లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు సుమారు 1,200 మందితో కదిలింది మే 1న, ఐదు వారాలు దాటాక. ఈలోగా నడిచి వెళ్లినవాళ్ల కష్టం ఏ మరణాల పట్టికలోనూ రాదు, బడులు మూసిన నెలలూ రావు. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మూడో సర్వేలో, అంటే 2021 జనవరి నాటికి, యాంటీబాడీలున్నవాళ్లు 21 శాతమే. అంటే ఐదుగురిలో నలుగురికి ఇంకా సోకాల్సే ఉంది. ఆ అంకె చేతిలో పెట్టుకునే ‘గెలిచాం’ అన్నారు. జూన్, జులై నాటి నాలుగో సర్వేలో అది 67 శాతం దాటింది.

మరణాల విషయంలో 2020, 2021 సంవత్సరాలకు మన అదనం 47 లక్షలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటే, ఆ గణిత నమూనా సరికాదని కేంద్రం అభ్యంతరం చెప్పింది. అప్పటికి అధికారిక లెక్క 4.8 లక్షలు. ఆ అభ్యంతరంలో కొంత న్యాయముంది: కొన్ని రాష్ట్రాల లెక్కలతో దేశాన్ని అంచనా కట్టారు. కాని తర్వాత మన సొంత కాగితాలే మాట్లాడాయి. 2020లో 81.2 లక్షల మరణాలు నమోదైతే 2021లో 1.02 కోట్లు, సుమారు 21 లక్షలు ఎక్కువ. ఇందులో నమోదు మెరుగుపడటం వల్ల పెరిగింది కొంత ఉంటుంది, పూర్తిగా కొవిడ్‌కు రాయలేం. కాని ఇంకో అంకె చూడండి: ఆ ఏడాది డాక్టర్లు ధ్రువీకరించిన నాలుగో వంతు లోపు మరణాల్లోనే కొవిడ్‌వి 4.13 లక్షలు. ఏడాది మొత్తానికి ప్రభుత్వం ప్రకటించిన కొవిడ్ మరణాలు 3.3 లక్షలే. ఆంధ్రప్రదేశ్‌లో మామూలుగా నెలకు 30 వేల లోపుండే నమోదు 2021 మేలో లక్ష దాటింది. తెలంగాణలో అధికారిక మరణాలు సుమారు 4 వేలున్న రోజుల్లో రూ. 50 వేల పరిహారానికి వచ్చిన దరఖాస్తులు 29 వేల దరిదాపు. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లో ఇంట్లో పోయినా అర్హులేనన్న నిబంధన వల్ల కొంత, దొంగ దరఖాస్తుల వల్ల కొంత పెరిగి ఉండొచ్చు. ఏడు రెట్లు మాత్రం వాటితో తీరే తేడా కాదు.

కాబట్టి ఇకపై దేశాల పట్టిక వేస్తే ప్రకటిత మరణాల పక్కన అదనపు మరణాలు, ఆ లెక్కకు పునాదిగా తీసుకున్న సంవత్సరాలు, వయసు సవరించారా లేదా, ఏ తేదీ వరకు అన్నవి నాలుగు గడులు అదనంగా వేయమని మనవి. మన రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకు ఇంకో మనవి. 2021 మరణాల జాతీయ నివేదిక 2025 మేలో వచ్చింది, నాలుగేళ్లకు. బ్రిటన్ గణాంక కార్యాలయం ఇంగ్లండ్, వేల్స్‌లకు ఇదే సమాచారాన్ని వారం వారం వేస్తోంది. పంచాయతీ కార్యదర్శి, మున్సిపల్ రిజిస్ట్రారు నమోదు చేసేది ఇప్పుడు ఆన్‌లైన్‌లోనే. జిల్లా, వయసు, ఆడ మగ వారీగా పేర్లు లేకుండా నెల నెలా బయటపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త చాలు: మరణించిన తేదీ, నమోదైన తేదీ వేర్వేరు గడుల్లో ఉండాలి. 21 రోజుల గడువు దాటి, ఒక్కోసారి ఏడాది దాటి వచ్చే నమోదులు చాలా ఉంటాయి. రెండు తేదీలూ కలిపేస్తే ఆఫీసులు మూసిన నెలలో జనం పోనట్టూ, తెరిచిన నెలలో మూకుమ్మడిగా పోయినట్టూ కనబడుతుంది.

భవదీయుడు,
మరణ గణాంకాల విశ్లేషకుడు, విజయవాడ